కప్ప ఎర కథ: తాతల గాలం నుంచి రబ్బరు కప్ప దాకా

ఈ మధ్య పండుగకు ఇంటికొచ్చే మన పిల్లల సంచుల్లో ఒక కొత్త వస్తువు కనబడుతున్నది. అరచేతిలో ఇమిడే రబ్బరు కప్ప. లోపల అంతా డొల్ల. వీపుకు ఆనుకొని రెండు కొక్కేలు, వెనుక దారపు పోగులతో చేసిన కాళ్లు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది. ఫోన్‌లో అమెరికావాళ్ల వీడియోలు చూసి, "అన్నా, బాస్ చేపకు ఏ టాప్‌వాటర్ లూర్ మంచిది?" అని అడిగే తమ్ముళ్లు లింగాల మండలంలో కూడా తయారయ్యారు.

అడగడం మంచిదే. కానీ ఆ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. మన నీళ్లలో ఏ చేప ఉంది? అది నీటి పైకి ఎందుకు వస్తుంది? ఈ సంగతి తెలిసినవాడికి ఎర ఎంచుకోవడం పెద్ద పని కాదు. తెలియనివాడు ఎంత ఖరీదైన లూర్ కొన్నా కొమ్మలకు తగిలించుకొని వస్తాడు. మన తాతలకు ఆ సంగతి బాగా తెలుసు. వాళ్లకు లూర్ అనే మాట తెలియదు, అంతే. నీటి మీద తేలే ఎరకు ఒక చరిత్ర ఉంది. అందులో మన వాగులకు, కుంటలకు భాగం ఉంది. సముద్రాల అవతల మనలాంటి ఒక అడవి జాతికి కూడా భాగం ఉంది. ఆ కథ మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

బాస్ వాళ్లది, కొర్రమట్ట మనది

వీడియోల్లో కనిపించే బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. పెద్ద నోరు, ఆకుపచ్చని ఒళ్లు, పక్కన నల్లని చార. అది కృష్ణానదిలోనూ లేదు, నల్లమల వాగుల్లోనూ లేదు. హైదరాబాద్ హోటళ్లలో 'సీ బాస్' పేరుతో అమ్మేది వేరు. అది కోస్తావాళ్లు పండుగప్ప అని పిలిచే ఉప్పునీటి చేప.

బాస్‌ను మన దగ్గరికి తెస్తే బాగుండు అనుకోకండి. జపాన్‌వాళ్లు 1925లో ఆషి అనే సరస్సులో దాన్ని వదిలారు. అది దేశమంతా పాకి, అక్కడి చిన్న చేపలను తినేస్తూ పోయింది. చివరికి 2005లో చట్టం అమలులోకి తెచ్చి, దాన్ని పెంచవద్దు, బతికున్నదాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవద్దు అని కట్టడి పెట్టాల్సి వచ్చింది.

నీటి మీది ఎరను కొట్టే చేప మనకు లేకనా? ఉంది. తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దాన్నే. కొర్రమీను అంటారు, కొర్రమట్ట అంటారు. పాము తలలాంటి తల, గుండ్రని ఒళ్లు, నోటి నిండా పళ్లు. చెరువులో, కుంటలో, వాగు మడుగులో, వరి మడి పక్క కాలువలో ఎక్కడైనా బతుకుతుంది. శాస్త్రవేత్తల లెక్కలో దానికి పేరు పెట్టింది బ్లాక్ అనే జర్మన్ పండితుడు, 1793లో. మన కుంటల్లో అది అంతకు ఎన్ని తరాల ముందు నుంచో ఉంది.

ఊపిరి కోసం పైకొచ్చే చేప

చేపలన్నీ మొప్పలతో నీటిలోని గాలినే పీల్చుకుంటాయని బడిలో చదివాం. కొర్రమట్టకు అది సరిపోదు. దాని తలలో మొప్పల పైన గాలి నింపుకునే గది ఒకటి ఉంటుంది. కొద్దికొద్దిసేపటికి అది పైకి వచ్చి, నోరు తెరిచి గాలి గుటక వేసి పోవాలి. పైకి రాకుండా వలలో చిక్కుకుపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఈ గాలి గది ఉండడం వల్లనే ఎండాకాలం కుంట ఇంకిపోయినా బురదలో దాక్కొని బతుకుతుంది. తడి నేల మీద పాకి ఇంకో గుంటకు చేరుతుంది. మార్కెట్‌లో తొట్టెలో బతికుండగానే అమ్మగలుగుతున్నారంటే కారణం అదే.

ఎర వేసేవాడికి ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఈ చేప నీటి పై భాగాన్ని ఎప్పుడూ కనిపెట్టుకొని ఉంటుంది. కప్ప దూకినా, మిడత పడినా దానికి తెలుస్తుంది. గాలిలోకంటే నీటిలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. పైగా చేప ఒంటి పక్కన ఉండే గీత నీటి కదలికను పసిగడుతుంది. రెండోది, అది గాలికి వచ్చినప్పుడు నీటి మీద ఒక సుడి, నాలుగు బుడగలు మిగులుతాయి. ఎక్కడ ఉందో అదే చెప్పేస్తుంది. బాస్ అట్లా చెప్పదు. అది తిండికి తప్ప ఊపిరికి పైకి రాదు. అందుకే బాస్ పట్టేవాళ్లు నీళ్లన్నీ వెతుకుతూ విసరాలి. మనవాళ్లు గట్టు మీద కూర్చొని చూస్తే చాలు.

తాతలు ఎర ఎట్లా ఎంచుకున్నారు

మన దిక్కు కొర్రమట్టకు పాతకాలం నుంచి ఉన్న ఎర బతికున్న కప్ప. పొడవాటి వెదురు బొంగు, గట్టి తాడు, పెద్ద గాలం. చిన్న కప్పను పట్టి, తొడ దగ్గరో వీపు దగ్గరో తోలుకు మాత్రమే గాలం గుచ్చుతారు. అది చావకుండా ఈదాలి కదా. తామరాకుల మధ్య, జమ్ము సందులో, నాచు తెగిన చోట దాన్ని నీటి మీదికి దించి ఆడిస్తారు. కప్ప తన్నుకుంటుంటే కింద నుంచి కొర్రమట్ట వచ్చి 'ఛప్' మని కొడుతుంది.

ఇందులో ఎంపిక ఎంత ఉందో చూడండి. కప్ప మరీ పెద్దదైతే చేప నోట్లో పూర్తిగా పట్టదు, గాలం తగలదు. మరీ చిన్నదైతే బుడ్డ పరకలు కొరుక్కుపోతాయి. నీళ్లు కలకగా ఉన్నప్పుడు కప్పను గట్టిగా ఆడించాలి, తేటగా ఉన్నప్పుడు మెల్లగా. చేప కొట్టగానే గుంజకూడదు. అది ఎరను నోట్లో తిప్పుకొని కిందికి దిగేదాకా ఆగి, తాడు బిగిసినప్పుడు గుంజాలి. గట్టు మీద అడుగుల చప్పుడు కాకూడదు, నీడ నీళ్ల మీద పడకూడదు. పక్క కుంటలో వేరే చేపకు వేరే ఎర: ఎర్రలు, మిడతలు, పిండి ముద్ద. ఏది ఎక్కడ పనికొస్తుందో ఎవరూ పుస్తకంలో చదవలేదు. తాత పక్కన కూర్చున్న మనవడు చూసి నేర్చుకున్నాడు.

పుస్తకాల్లో లేకపోవడమే మనకు నష్టమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 1873లో ఇండియాలో గాలపు వేట మీద 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పెద్ద పుస్తకం అచ్చువేశాడు. తెల్లదొరల సరదా వేటకు దారి చూపిన పుస్తకం అది. 1940లో అమ్రాబాద్ గుట్టల్లో చెంచు పెంటల మధ్య ఉండి అధ్యయనం చేసిన హైమండార్ఫ్ 1943లో చెంచుల మీద పుస్తకం తెచ్చారు. దుంపలు, తేనె, వేట, పెంటల కట్టుబాట్లు గురించి మనకు అందులో ఎంతో దొరుకుతుంది. కానీ ఏ మడుగులో ఏ నెలలో ఏ ఎర అనే ముచ్చట రాసుకోవాల్సింది మనమే. మనం రాసుకోలేదు.

మిల్లు కుంట మీద కట్టెముక్క

ఇప్పుడు అమెరికా పోదాం. రబ్బరు కప్ప పుట్టిన దారి అక్కడి నుంచే మొదలవుతుంది.

విలియం బార్ట్రమ్ అనే చెట్ల పండితుడు 1770లలో ఫ్లోరిడా అడవులు, నదులు తిరిగి, 1791లో తన ప్రయాణాల పుస్తకం అచ్చువేశాడు. అక్కడ చిన్న పడవలో ఇద్దరు కూర్చొని చేప పట్టే తీరు అందులో వివరించాడు. ఒకరు తెడ్డు వేస్తారు. ఇంకొకరి చేతిలో పది పన్నెండు అడుగుల కర్ర, దానికి జానెడు రెండు జానల తాడు. తాడు చివర మూడు పెద్ద గాలాలు కలిపి కట్టి, జింక తోక తెల్ల వెంట్రుకలు, ఎర్ర గుడ్డ పీలికలు, రంగు ఈకలతో పిడికెడంత కుచ్చు చేస్తారు. దాన్ని నీటికి కాస్త పైన ఊపుతూ, అప్పుడప్పుడు నీటికి తాకిస్తూ ఆకుల పక్కగా పోతారు. చేప ఎగిరి పట్టుకుంటుంది. తినే వస్తువు ఏదీ లేదు. అంతా కదలికే. జింక వెంట్రుకలు, ఈకలు, కర్ర. మన అడవిలోనూ దొరికే వస్తువులే కదా.

తరువాత నూరేళ్లకు మిషిగన్ రాష్ట్రంలో డోవాజాక్ అనే చిన్న ఊరిలో జేమ్స్ హెడన్ అనే ఆయన ఉండేవాడు. ఆయన తేనెటీగలు పెంచేవాడు. తేనె పెట్టెల తయారీలో పేరున్నవాడు. అక్కడివాళ్లు చెప్పుకునే కథ ఇది: ఒకరోజు మిల్లు కుంట గట్టు మీద మిత్రుడి కోసం ఎదురుచూస్తూ, చేతిలోని కట్టెముక్కను చెక్కుతూ కూర్చున్నాడు. విసుగొచ్చి దాన్ని నీళ్లలోకి విసిరాడు. ఒక బాస్ వచ్చి ఆ కట్టెముక్కను కొట్టింది. కథ నిజమో కాదో గానీ, 1890ల చివర ఆయన కట్టెతో కప్పలు చెక్కి కొక్కేలు బిగించిన మాట నిజం. 1900ల మొదట్లో కొడుకులతో కలిసి పరిశ్రమ పెట్టాడు. ఆయన తయారుచేసిన ఎరలకు డోవాజాక్ అన్న ఊరి పేరే పెట్టి అమ్మారు. దేశమంతా ఆ పేరు మోగింది.

ఆ ఊరి పేరు ఎక్కడిది? ఇంగ్లీషువాళ్లది కాదు. ఆ నేల మీద అంతకుముందు నుంచీ ఉన్న పొటవాటమి అనే ఆదివాసీ జాతి మాట నుంచి వచ్చింది. తిండి వెతుక్కునే చోటు, దుంపో పండో చేపో దొరికే నేల అని దాని అర్థం చెబుతారు. పెంటల్లో పుట్టినవాడికి ఆ అర్థం విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

1833 ఒప్పందం తరువాత పొటవాటమి జనాన్ని ఆ నేల వదిలిపొమ్మన్నారు. 1838లో ఇండియానా నుంచి ఎనిమిది వందల మందికి పైగా సైనికుల కాపలాలో వెయ్యి కిలోమీటర్లకు పైగా కాన్సాస్ దాకా తోలుకుపోయారు. దారిలో నలభై మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పిల్లలు. దాన్ని చావు బాట అని ఇప్పటికీ తలుచుకుంటారు. లియోపోల్డ్ పొకేగన్ అనే పెద్దమనిషి వెంట ఉన్న ఒక గుంపు మాత్రం పట్టుబట్టి మిషిగన్‌లోనే నిలిచింది. ఆ గుంపును ఒక జాతిగా అమెరికా ప్రభుత్వం మళ్లీ గుర్తించింది 1994లో. వాళ్ల జాతి ప్రభుత్వ కార్యాలయం ఇప్పుడు ఉన్నది ఆ డోవాజాక్‌లోనే.

అంటే ఒక జాతి మాట ఎర డబ్బా మీద అచ్చయి దేశమంతా తిరిగింది. ఆ మాట ఎవరిదో డబ్బా కొన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆ జాతి మాత్రం గుర్తింపు కోసం ఇంకా చాలా ఏండ్లు కొట్లాడాల్సి వచ్చింది. తమ్ముళ్లారా, చేతిలో రబ్బరు కప్ప పట్టుకున్నప్పుడు ఈ సంగతి ఒకసారి తలుచుకోండి.

ఏ నీటికి ఏ ఎర

కట్టె ఎరల తరువాత 1930లలో ప్లాస్టిక్ వచ్చింది. హెడన్ కంపెనీవాళ్ల 'జారా స్పూక్' 1939 నుంచి ప్లాస్టిక్‌లో వస్తున్నది. ఇవాళ అంగట్లో ఉన్న నీటి మీది ఎరలన్నీ నాలుగైదు రకాలే. పేర్లు మారుతాయి, పని అదే.

చుట్ట ఆకారంలో ఉండేది ఒకటి. కర్ర కొనను లయగా కొడుతుంటే అది కుడికి ఎడమకు తల తిప్పుతూ నడుస్తుంది. అడ్డం లేని వెడల్పు నీళ్లకు, గాలి లేనప్పుడు పనికొస్తుంది. రెండోది పాపర్. దాని నోరు గిన్నెలా లోపలికి ఉంటుంది. గుంజితే 'గుబుక్' మని నీళ్లు చిమ్ముతుంది. నీటి మీద చిన్న అలలు ఉన్నప్పుడు, చేపకు చప్పుడుతో పిలుపు అందించాల్సినప్పుడు అది మేలు. మూడోది రెక్కలు తిరిగే ఎర. ఆపకుండా గుంజుతుంటే గరగరమంటుంది. కలక నీళ్లకు, మసక వెలుతురుకు అది తగును. నాలుగోది మన రబ్బరు కప్ప. దాని కొక్కేలు వీపుకు ఆనుకొని ఉంటాయి కాబట్టి తామరాకు మీద పడ్డా, గుర్రపుడెక్క మీద పడ్డా చిక్కుకోదు. చేప నోటితో నొక్కినప్పుడు ఒళ్లు అణిగి కొక్కేలు బయటికి వస్తాయి.

కొర్రమట్ట ఉండేది ఆకుల్లో, నాచులో. కాబట్టి మన చెరువులకు మొదటి ఎంపిక కప్పే. తాతల ఎంపిక ఎందుకు అదైందో ఇప్పుడు అర్థమైంది కదా. మిగతావి నాచులో ఒక్క విసురుకే పట్టుకుంటాయి.

రంగుల గురించి చాలామంది తలలు బద్దలుకొట్టుకుంటారు. చేప కింద నుంచి ఆకాశం వైపు చూస్తుంది. దానికి కనబడేది ఎర కడుపు, ఎర నీడ. వీపు మీది చుక్కలు, మెరుపులు కొనేవాడి కోసం వేసినవి. తేట నీళ్లలో, పగటిపూట తెల్ల కడుపో లేత పసుపు కడుపో సరిపోతుంది. పొద్దు వాలాక, కలక నీళ్లలో నల్లనిది మంచిది, దాని ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. పొద్దున, సాయంత్రం వేళలు నడి మధ్యాహ్నం కంటే మేలు. ఆకు మీద వేసి, మెల్లగా జరిపి, అంచు దగ్గర నీళ్లలోకి జారనిచ్చి, ఒక్క క్షణం ఆపండి. చాలాసార్లు దెబ్బ అక్కడే పడుతుంది. పడగానే గుంజకండి. తాతలు చెప్పినట్టే ఆగి, తాడు బిగిసినప్పుడు గట్టిగా లాగండి. నాచులోంచి బయటికి తీయాలి కాబట్టి దారం బలమైన అల్లిక దారం కావాలి.

రబ్బరు కప్పలో నిజంగా ఒక మేలుంది. బతికున్న కప్పను హింసించే పని తప్పుతుంది. కప్పలు పొలంలో పురుగులను తింటాయి. వాటి సంఖ్య పడిపోతున్నదనే మన దేశం 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని నిషేధించింది. అయితే తెగిపోయిన రబ్బరు, దారం నీళ్లలో వదలవద్దు. నీటి కోళ్ల కాళ్లకు, మేకల నోళ్లకు అవి ఉరితాళ్లు అవుతాయి.

నీళ్లు మారాయి, హక్కులు మారాయి

ఎర మారినట్టే నీళ్లూ మారాయి. శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల మొదట్లో జలాశయం నిండింది. గుట్టల మధ్య లోతుగా పారే కృష్ణమ్మ 885 అడుగుల మట్టం దాకా లేచి నిలబడింది. ఊళ్లు మునిగాయి. కొత్త నీళ్ల కోసం కోస్తా నుంచి జాలరులు వలస వచ్చారు. తరువాత అలివి వలలు వచ్చాయి. దోమతెరలాంటి ఆ సన్న కండ్ల వలలో చేప పిల్ల కూడా మిగలదు. వాటిని నిషేధించినా అప్పుడప్పుడు పట్టుబడుతూనే ఉన్నాయి. గాలం ఒక చేపను తీసుకుంటుంది. అలివి వల రేపటి చేపలన్నిటినీ తీసుకుపోతుంది.

అడవి లోపలి కథ వేరు. లింగాల మండలంలోని అప్పాపూర్, భౌరాపూర్ లాంటి పెంటలు ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉన్నాయి. అక్కడ వాగులో గాలం వేయడం సరదా సంగతి కాదు, చట్టం సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో సామూహిక హక్కుల కింద నీటి వనరుల్లోని చేపల మీద హక్కు స్పష్టంగా రాసి ఉంది. పోడు భూమి పట్టా గురించి అందరికీ తెలుసు. చేపల మాట కూడా అదే చట్టంలో ఉందని ఎంతమందికి తెలుసు? గ్రామసభలో దరఖాస్తు పెట్టుకొని, హక్కు పత్రంలో ఆ మాట ఎక్కించుకోవడం చదువుకున్న మీ పని. హక్కు పత్రం చేతిలో లేకుండా కోర్ ప్రాంతంలోకి గాలం పట్టుకుపోతే కేసు కావచ్చు. ఊరి చెరువులో అయితే మత్స్య సహకార సంఘంవాళ్లను అడగాలి. చేప పిల్లలు పోసి పెంచుకునేది వాళ్లు.

మందు కలిపి, తోటాలు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి చేపల చట్టం నుంచే నేరం. ఆ పనిచేసేవాడు మనవాడైనా సరే ఆపాలి.

మిరుగం మాట

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన ముచ్చట. మృగశిర కార్తె నాడు చేప తినాలని మన తెలంగాణ ఆచారం. ఆనాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేప మందులో మింగించేది కూడా బతికున్న కొర్రమీను పిల్లనే. మిరుగం దగ్గర పడితే కొర్రమట్టకు ఎక్కడలేని గిరాకీ. అదే వానలతో దాని గుడ్ల కాలం కూడా మొదలవుతుంది.

కొర్రమట్ట జంట నాచును తొలిచి గుండ్రంగా చోటు చేస్తుంది. గుడ్లు పైకి తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. వేలకొద్దీ ఎర్రని పిల్లలు నీటి మీద ముద్దగా కదులుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయి. ఆ సమయంలో ఆ ముద్ద పక్కన ఏది పడ్డా అవి కొడతాయి. ఆకలికి కాదు, పిల్లల మీద భయంతో. రబ్బరు కప్ప పడేస్తే వెంటనే చిక్కుతాయి. వీడియోలు చూసి కొందరు దాన్నే గొప్ప ఉపాయం అనుకుంటున్నారు. ఆ ఒక్క చేపను తీస్తే మిగతా చేపలు ఆ పిల్లలను మింగేస్తాయి. ఒక కూర కోసం వేల చేపలు పోతాయి.

తేనె పట్టు కోసేటప్పుడు కొంత వదలాలని, దుంప తవ్వేటప్పుడు తీగ బతికేటట్టు తవ్వాలని మన పెద్దలు చెప్పే మాట మీరందరూ విన్నదే. ఎర్ర ముద్ద కనబడితే గాలం చుట్టి పక్క కుంటకు పోవడం కూడా ఆ మాటే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎర కొనే ముందు ఒక సాయంత్రం మీ తాత పక్కన కూర్చోండి. ఏ మడుగు, ఏ నెల, ఏ కప్ప, ఏ చప్పుడు అని అడగండి. వాగుల పేర్లు, మడుగుల పేర్లు ఫోన్‌లో రికార్డు చేయండి. వచ్చే ఏడాది ఈ సంచికకు రాసి పంపండి. పొటవాటమి వాళ్ల మాట ఎర డబ్బా మీద మిగిలింది. మన మాట మన నోట్లోనే మిగలాలి.